ఒక్క లైను, ఇంటినిండా ఫోన్లు

ఉదయగిరి ఎస్టీడీ కోడ్ 08620, ఆత్మకూరుది 08627. సెల్‌ఫోన్లు రాకముందు నెల్లూరు జిల్లా పడమటి మండలాల పెళ్లి శుభలేఖల మీద, ఎరువుల కొట్ల బోర్డుల మీద ఈ అంకెలు కనపడేవి. చాలాచోట్ల నంబరు పక్కనే ‘పి.పి.’ అని ఉండేది. ఆ ఫోను పక్కింటివాళ్లది, కబురు పెడితే మనిషి వచ్చి మాట్లాడతాడు అని దాని భావం. కువైట్ నుంచి కొడుకు ఫోన్ చేస్తే లైను పట్టుకొని ఉండమని చెప్పి, పిల్లాణ్ణి వీధిలోకి తరిమేవాళ్లు. ఆ పరుగుకు బదులు ఒక జంట వైరు లాగితే సరిపోతుంది కదా అన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. ఒకే లైనుకు రెండో ఫోను తగిలించే పారలల్ కనెక్షన్ చరిత్ర ఆ అవసరంలోనే ఉంది.

1991 నాటికి దేశమంతా కలిపి ఫోన్ లైన్లు 50 లక్షల చిల్లర. కనెక్షన్‌కు దరఖాస్తు పెట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసేవాళ్లు. అందుకే అన్నదమ్ములు వేరుపడి పొయ్యిలు రెండైనా, తండ్రి పేరనున్న లైను మాత్రం ఉమ్మడిగానే మిగిలేది. కింద పెద్దాయన దగ్గర ఒక ఫోను, మిద్దె మీద చిన్నాయన దగ్గర ఇంకొకటి. ముందు కొట్టు, వెనక ఇల్లు ఉన్న వ్యాపారులకైతే ఇది తప్పనిసరి. దీన్ని నేను దర్జా కింద లెక్కగట్టను. దొరకని వస్తువును పదిమందీ వాడుకోవడానికి కుటుంబాలు వెతుక్కున్న దారి ఇది.

కానీ ఆ వైరు లాగే హక్కు చాలాకాలం ఇంటివాళ్లది కాదు. నెల్లూరు జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, 1882లో, మద్రాసు ఎర్రబాలు వీధిలో తొలి టెలిఫోన్ ఎక్స్ఛేంజీ మొదలైంది. 1885 టెలిగ్రాఫ్ చట్టం తంతి మీద సర్వహక్కులూ ప్రభుత్వానికి కట్టబెట్టింది. స్వాతంత్ర్యం వచ్చాకా అదే పద్ధతి. స్తంభం నుంచి గోడకున్న రోజెట్ పెట్టె దాకా, అక్కణ్ణుంచి బల్ల మీది నల్లటి డయల్ ఫోన్ దాకా అంతా టెలిఫోన్ శాఖ ఆస్తే. ఆ ఫోన్లు బెంగళూరులో 1948లో పుట్టిన ప్రభుత్వ ఫోన్ల కంపెనీ ఐటీఐ తయారీ. రెండో ఫోను కావాలంటే ఎక్స్‌టెన్షన్ కోసం అర్జీ పెట్టాలి, లైన్‌మన్ వచ్చి బిగించాలి, దానికి వేరే అద్దె కట్టాలి.

అమెరికాలోనూ ఇంతే. బెల్ కంపెనీ ప్రతి అదనపు ఫోనుకూ నెలనెలా డబ్బు గుంజేది. లైను మీద గంట మోగించే కరెంటును కొలిచి, ఆ ఇంట్లో ఎన్ని గంటలున్నాయో పసిగట్టేది. దొంగచాటుగా ఫోను తగిలించినవాళ్లు ముందు దాని గంట వైరు పీకేసేవాళ్లు. 1968లో కార్టర్‌ఫోన్ కేసు తీర్పుతో అక్కడ బయటి పరికరాలకు తలుపు తెరుచుకుంది. మన దగ్గర 1984లో ఫోన్ల తయారీకి ప్రైవేటు కంపెనీలను అనుమతించారు. బీటెల్ లాంటి మీటల ఫోన్లు అంగళ్లలోకి వచ్చాక పారలల్ కనెక్షన్ ఎలక్ట్రీషియన్ చేతిపని అయిపోయింది. రోజెట్‌లోని రెండు మరలకు రెండు వైర్లు చుడితే చాలు.

రెండు వైర్లు చుట్టడం తేలికే. పని చేయించడమే కష్టం. ఎక్స్ఛేంజీ నుంచి వచ్చేది 48 వోల్టుల డీసీ. రిసీవర్ ఎత్తగానే కరెంటు పారుతుంది, అప్పుడు ఎక్స్ఛేంజీకి డయల్ టోన్ ఇవ్వాలని తెలుస్తుంది. రెండో గదిలోనూ రిసీవర్ ఎత్తితే అదే కరెంటు రెండు ఫోన్లకూ పంచుకుపోయి గొంతు సన్నబడుతుంది. అరమిల్లీమీటరు రాగి తీగకు కిలోమీటరుకు, పోనూ రానూ కలిపి, దాదాపు 168 ఓముల నిరోధం. ఎక్స్ఛేంజీ పక్క వీధి ఇంటికి ఇది లెక్కలోకి రాదు. 5 కిలోమీటర్ల అవతలి పల్లెకు 840 ఓములవుతుంది. పంచుకోవడానికి కరెంటే తక్కువ. పట్నంలో హాయిగా నడిచిన మూడు ఫోన్ల ఏర్పాటు పల్లెలో మూలిగిందంటే కారణం ఈ దూరమే. పడమటి మండలాల్లో ఊరికీ ఊరికీ మధ్య మెట్టలు, గుట్టలు ఎక్కువ.

గంటదీ ఇదే కథ. మోగించడానికి దాదాపు 75 వోల్టుల ఏసీ పంపేవాళ్లు. ఇనుప గంటలు మూడు నాలుగు తగిలిస్తే ఏదీ గట్టిగా మోగదు. అందుకే బ్రిటన్‌లో ఒక లైనుకు నాలుగు గంటల బరువు మించకూడదని లెక్క పెట్టారు. ఎలక్ట్రానిక్ రింగర్లు వచ్చాక ఆ ఇబ్బంది తగ్గింది. డయల్ ఫోను సెకనుకు పదిసార్లు కరెంటు తెంపుతూ అంకె పంపుతుంది. ఆ తెంపులకు పక్కగది గంట టిక్కుటిక్కుమనేది. ఎవరో నంబరు తిప్పుతున్నారని ఇల్లంతటికీ తెలిసిపోయేది.

బిల్లు ఒక్కరిది, వేళ్లు పదిమందివి. దాంతో డయల్ రంధ్రంలో చిన్న తాళం వెలిసింది. పిల్లలు దానికీ విరుగుడు కనిపెట్టారు. రిసీవర్ పెట్టే మీటను సరైన లయలో కొడితే తాళం తీయకుండానే అంకెలు పోతాయి! రహస్యం దాచుకోవడం మాత్రం ఎవరి తరమూ కాలేదు. పెళ్లిమాటలు, అప్పుల సంగతులు మాట్లాడుతుండగా చిన్న ‘క్లిక్’ వినపడి, అవతలి గొంతు ఒక మెట్టు దిగితే, పైన ఎవరో ఎత్తారన్నమాట. ఇల్లాలి మాట, కోడలి మాట ఎవరైనా వినగలిగిన ఆ ఏర్పాటు ఇంట్లోని ఆడవాళ్ల మీద ఎక్కువ బరువు మోపిందని నా నమ్మకం.

సామ్ పిట్రోడా నేతృత్వంలో 1984లో ఏర్పడిన టెలికాం పరిశోధన సంస్థ సీడాట్, ఏసీ గది అక్కర్లేని 128 లైన్ల గ్రామీణ ఎక్స్ఛేంజీని తయారుచేసి 1986లో కర్ణాటకలోని కిత్తూరులో పెట్టింది. వేడికీ దుమ్ముకూ తట్టుకునే ఆ పెట్టెల పుణ్యమా అని దేశంలో పల్లెల నిరీక్షణ క్రమంగా తగ్గింది. లైను దొరకడం తేలికైనకొద్దీ పక్కింటికి లాగిన వైర్లు ఊడిపోయి, ఒకే ఇంటి గదుల మధ్య వైర్లు మిగిలాయి. కొన్నిచోట్ల కార్డ్‌లెస్ వచ్చి అదీ తీసేసింది.

2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ డేటావన్ బ్రాడ్‌బ్యాండ్ తెచ్చాక ఆ పాత అతుకులన్నీ మళ్లీ బయటపడ్డాయి. మాట 4 కిలోహెర్ట్జ్ లోపు, ఇంటర్నెట్ దానికి ఎంతో పైన, రెండూ ఒకే తీగ మీద నడవాలి. ఈ రెంటినీ విడదీసే స్ప్లిటర్‌కు ముందే ఎక్కడో మేడ మీదకు చీలిన పారలల్ వైరు ఉంటే ఫోనులో బుసబుస, నెట్‌కు అంతరాయాలు. లైన్‌మన్ మొదటి ప్రశ్న: ‘పారలల్ ఏమన్నా ఉందా?’

ఇప్పుడు రాగి స్థానంలో ఫైబర్. ఇంటి పాత వైరింగును బయటి లైను నుంచి పూర్తిగా విడదీసి మోడెమ్ వెనకనున్న ఫోన్ పోర్టుకు కలిపితే, రెండు మూడు ఫోన్లు ఇప్పటికీ మోగుతాయి. తేడా ఒక్కటుంది. రాగి లైనుకు కరెంటు ఎక్స్ఛేంజీ బ్యాటరీల నుంచి వచ్చేది. తుపానుకు ఊళ్లో దీపాలు ఆరినా, వైరు తెగనంతవరకు డయల్ టోన్ ఉండేది. మోడెమ్‌కు ఇంటి కరెంటే దిక్కు. పారలల్ ఫోన్లు అట్టేపెట్టుకున్న పెద్దవాళ్ల ఇళ్లలో ఆ మోడెమ్‌కు చిన్న బ్యాటరీ పెట్టించడం మరిచిపోకూడదు.