భ్రాంతులకు ముందే మందగించే బుద్ధి

స్కిజోఫ్రీనియా అనగానే మీకు స్ఫురించేవి చెవిలో వినిపించే మాటలు, అకారణమైన అనుమానాలు. కాని, 1890లలో జర్మన్ వైద్యుడు ఎమిల్ క్రెపెలిన్ ఈ వ్యాధిని 'డిమెన్షియా ప్రీకాక్స్' అని వర్ణించాడు. అంటే చిన్న వయసులోనే సంభవించే బుద్ధిక్షీణత. వరుసగా కూడికలు చేయించి మానసిక శ్రమను కొలిచిన పరిశోధకుడాయన.

రోగులందరూ అలా క్షీణించరని గమనించిన స్విస్ వైద్యుడు ఆయిగెన్ బ్లాయిలర్, 1908లో 'స్కిజోఫ్రీనియా' అనే పేరును ప్రతిపాదించాడు. ఆ సవరణ న్యాయమైనదే. 1952లో పారిస్‌లో క్లోర్‌ప్రొమజీన్ చికిత్స మొదలైంది. భ్రమలు, భ్రాంతులు అదుపులోకి వచ్చాయి. జ్ఞాపకశక్తి, ఏకాగ్రత మాత్రం అంతగా మెరుగుపడలేదు. కోలుకున్నాడనుకున్న యువకుడు ఉద్యోగంలో నిలవలేకపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

మరి ఈ లోపం ఎప్పుడు మొదలవుతుంది? స్వీడన్‌లో 1969–70లో సైనిక శిక్షణకు పిలిచిన సుమారు 50,000 మంది యువకులకు బుద్ధి పరీక్షలు జరిపారు. తరువాతి కాలంలో వారిని పరిశీలించగా, తక్కువ మార్కులు పొందినవారిలో స్కిజోఫ్రీనియా ఎక్కువగా కనిపించింది. వ్యాధి బయటపడక ముందే దాని నీడ పడుతున్నదన్నమాట.

1994లో మెల్‌బోర్న్‌లో ప్యాట్రిక్ మెగోరీ, ఆలిసన్ యంగ్ తదితరులు, సైకోసిస్ వచ్చే ప్రమాదమున్న యువతకై ప్రత్యేక క్లినిక్ నెలకొల్పారు. ఇటువంటి యువతపై జరిగిన అధ్యయనాలలో పదాలను గుర్తుంచుకోవడం, నిర్ణీత వ్యవధిలో అంకెలకు గుర్తులను జతపరచడం వంటి పరీక్షలలో వీరి సగటు, తోటివారికంటే కొంత తక్కువగా తేలింది.

అయితే పరీక్ష తీర్పు కాదు. 2005లో వెలువడిన 'మోకా' పరీక్ష ప్రధానంగా వృద్ధులలో మతిమరుపును గుర్తించేందుకు రూపొందినది. చదువుకున్న యువకుడు అందులో మంచి మార్కులు తెచ్చుకున్నా, సూక్ష్మమైన లోపం మరుగున ఉండవచ్చు. నిద్రలేమి, కుంగుబాటు, గంజాయి వలన కూడా మార్కులు తగ్గుతాయి. తెలుగులో చదివిన బిడ్డను ఆంగ్లంలో పరీక్షిస్తే ఫలితమే తప్పుతుంది. పైగా, ప్రమాదమున్నదని గుర్తించిన యువతలో అధికులకు సైకోసిస్ రానే రాదు.

కనుక భయం వద్దు, నిర్లక్ష్యమూ వద్దు. చక్కగా చదివే బిడ్డ కొన్ని నెలలుగా వెనుకబడి, స్నేహితులకు దూరమై, నిద్ర తప్పి, వింత అనుమానాలు వెలిబుచ్చుతుంటే, దానిని సోమరితనమని నిందించకండి. మానసిక వైద్యునికి చూపించండి. 14416 నంబరులో 'టెలి మానస్' సేవ ఉచితంగా లభిస్తుంది. క్రెపెలిన్ కాలంలో క్షీణతను వర్ణించడమే తప్ప వైద్యునికి చేయగలిగినది అంతగా లేదు. నేడు ముందుగా గమనించే అవకాశం మీ చేతిలో ఉంది.