హ్యారీ కార్నీ – డ్యూక్ ఎల్లింగ్టన్

హ్యారీ కార్నీ (1910–1974) అమెరికన్ జాజ్ వాద్యకారుడు. స్వింగ్ యుగపు మేటి బృందనాయకుడు డ్యూక్ ఎల్లింగ్టన్ దగ్గర సుమారు 47 ఏళ్లు బ్యారిటోన్ సాక్సోఫోన్ వాయించాడు.

బోస్టన్‌లో పుట్టిన కార్నీ 1927లో బృందంలో చేరేనాటికి పదిహేడేళ్లవాడు. ఇంకా బడి వయసే కావడంతో ఇంట్లోవాళ్లకు నచ్చజెప్పే పని ఎల్లింగ్టనే నెత్తినేసుకున్నాడు. ఆ డిసెంబరులోనే బృందం హార్లెంలోని కాటన్ క్లబ్బులో కుదురుకుంది.

మొదట్లో కార్నీ ఆల్టో సాక్సోఫోన్ వాయించేవాడు (కద్రి గోపాల్‌నాథ్ కచేరీల్లో మనం విన్నది ఆల్టోనే). తర్వాత బ్యారిటోన్‌కు మళ్లాడు. వెనక వరసలో మంద్రస్థాయి నింపడానికే వాడుతున్న ఆ బరువైన వాద్యాన్ని సోలో స్థాయికి తెచ్చినవాళ్లలో అతనే ముఖ్యుడు. ‘సాఫిస్టికేటెడ్ లేడీ’ పాట చివర బుగ్గల్లోని గాలిని ఊదుతూనే ముక్కుతో ఊపిరి తీసుకుని, ఒకే స్వరాన్ని తెగకుండా సాగదీసేవాడు. బృందంలో మంద్రస్థాయి వాద్యానికి ఆధార స్వరం అప్పగించడం మామూలు పద్ధతి. ఎల్లింగ్టన్ చాలాసార్లు కార్నీకి అది కాక వేరే స్వరం రాసేవాడు. ఆ బృందం నాదంలోని ప్రత్యేకమైన రంగు చాలావరకు ఇక్కడిదే. స్నేహం సంగతి అలా ఉంచినా, కార్నీ లేకుండా ఎల్లింగ్టన్ అలా రాయగలిగేవాడా అన్నది అనుమానమే.

బృందం బస్సులో వెళ్తుంటే ఎల్లింగ్టన్ మాత్రం కార్నీ క్రైస్లర్ ఇంపీరియల్ కారులో ముందు సీట్లో కూర్చునేవాడు. చక్రం కార్నీ చేతిలో, దారి చెప్పడం ఎల్లింగ్టన్ వంతు. రాత్రంతా ప్రయాణం చేసినా మాటలు తక్కువే. ఏదైనా తట్టితే ఎల్లింగ్టన్ అక్కడే కాగితం మీద పెట్టుకునేవాడు. ఎప్పుడూ జనం చుట్టుముట్టి ఉండే మనిషికి ఆ కారే ఏకాంతం.

కూటీ విలియమ్స్ 1940లో, జానీ హాడ్జెస్ 1951లో బృందాన్ని వదిలి, ఏళ్ల తర్వాత తిరిగొచ్చారు. కార్నీ కదల్లేదు. 1938లో కార్నెగీ హాల్‌లో బెన్నీ గుడ్‌మన్ కచేరీలో అతిథిగా వాయించినా, కొలువు మాత్రం మారలేదు.

1963లో అమెరికా విదేశాంగశాఖ పంపిన పర్యటనలో బృందం భారతదేశానికీ వచ్చింది. ఆ అనుభవాల ఫలితం ‘ఫార్ ఈస్ట్ సూట్’ (1967). అందులో ‘ఆగ్రా’ భాగమంతా కార్నీ బ్యారిటోన్‌దే.

ఎల్లింగ్టన్ 1974 మే 24న చనిపోయాడు. ఆయన కొడుకు మెర్సర్ నడిపిన బృందంలో కొన్నాళ్లు వాయించి, అక్టోబరు 8న కార్నీ కూడా కన్నుమూశాడు. ఆ డిసెంబరులో చార్లెస్ మింగస్ బృందం సై జాన్సన్ స్వరపరచిన ‘ఫర్ హ్యారీ కార్నీ’ని రికార్డు చేసింది.