అడవిపక్షి మాంసపాకం: ప్రాచీన వైద్యగ్రంథాల సాక్ష్యం

వేడిదేశాల వంటల్లో పులుపు, కారం, సుగంధద్రవ్యాలు అంతగా ఉండటానికి కారణం చెడిన మాంసపు వాసనను కప్పిపుచ్చడమేననే వాదన తరచుగా వినిపిస్తుంది. అడవిపక్షుల మాంసం గురించి ఆయుర్వేద గ్రంథాలు చెప్పిన విషయాలను చదివితే ఈ వాదన నిలవదు.

అడవిపక్షి మాంసం స్వభావరీత్యా బిరుసైనది. తిండికోసం రోజంతా నేలను గీరుతూ తిరిగే పక్షికి కాళ్లలో కండ గట్టిపడుతుంది, ఒంట్లో కొవ్వు నిలవదు. చరకసంహిత సూత్రస్థానం 27వ అధ్యాయం పక్షులను అవి తిండిని సంపాదించుకొనే తీరునుబట్టే వింగడించింది. గింజలను కాళ్లతో చెదరగొట్టి తినేవి విష్కిరాలు, ముక్కుతో పొడిచి తినేవి ప్రతుదాలు. లావుకపిట్ట, తిత్తిరి మొదలైనవి విష్కిరాలు. పక్షిమాంసాలన్నింటిలో లావుకపిట్ట మాంసమే శ్రేష్ఠమని అదే గ్రంథం 25వ అధ్యాయంలో పేర్కొన్నది.

ఈ బిరుసుదనానికి ఐరోపా వేటగాళ్లు కనుగొన్న ఉపాయం కాలం. ఫెజెంట్ పక్షిని ఈకలతోసహా చల్లనిచోట రోజుల తరబడి వేలాడదీసేవారు. కండలోని ఎంజైములే క్రమంగా దానిని మెత్తబరచేవి. చంపిన మూడు రోజులలోపు తింటే ఫెజెంట్‌కు ప్రత్యేకత ఏమీ ఉండదని ఫ్రెంచి రచయిత బ్రియా-సావరిన్ 1825లో వెలువడిన తన గ్రంథంలో రాశాడు. ఆయన దృష్టిలో అది కుళ్లుపట్టడం మొదలైనప్పుడే తినదగినది.

ఆయుర్వేదం ఈ దారిని పూర్తిగా మూసివేసింది. అప్పుడే చంపిన, నడివయసు జంతువు మాంసాన్నే తినాలని, దానంతట అది చచ్చినదాన్ని, చిక్కిపోయినదాన్ని, రోగంతోనో విషంతోనో చచ్చినదాన్ని విడిచిపెట్టాలని వాగ్భటుని అష్టాంగహృదయం విధించింది. సుశ్రుతసంహిత కూడా కుళ్లిన, ఎండిన, ముసలి జంతువుల మాంసాన్ని అభక్ష్యమన్నది. నిలవ ఉంచి మెత్తబరచే వీలు లేనప్పుడు ఆ పనిని పొయ్యిమీదే చేయాలి. సుశ్రుతుడు పేర్కొన్న సంస్కారాలను ఈ కోణంలో చూస్తే వాటి క్రమం అర్థమవుతుంది.

సూత్రస్థానం 46వ అధ్యాయంలో ఆయన మాంసాన్ని కొవ్వు, పాలు పెరుగుల వంటి గోరసాలు, ధాన్యామ్లం, పుల్లని పండ్లు, కారపు ద్రవ్యాలతో కలిపి వండమన్నాడు. ధాన్యామ్లమంటే మన తరవాణి, కలి వంటి పులిసిన గంజి. ఆ తరువాత పరిశుష్కం, ప్రదిగ్ధం, శూల్యం మొదలైన పాకభేదాలను చెప్పాడు. వ్యాఖ్యాన సంప్రదాయం ప్రకారం, మాంసాన్ని ఎక్కువ నేతిలో వేయించి, మాటిమాటికీ వేడినీళ్లు చల్లుతూ మెత్తబడేదాకా ఉడికించి, జీలకర్ర మొదలైనవి చేర్చితే పరిశుష్కం. దానికే నెయ్యి, మజ్జిగ, త్రిజాతకం కలిస్తే ప్రదిగ్ధం. పేరులో 'శుష్క' ఉన్నా అది ఎండు వంటకం కాదు. ఇక్కడ గమనించవలసినది వేడినీళ్లు చల్లడం. ఒక్కసారిగా నీరుపోసి ఉడికిస్తే పులుసవుతుంది, నీరు లేకుండా వేయిస్తే కొవ్వులేని పిట్ట చెక్కలా తయారవుతుంది. కొద్దికొద్దిగా చల్లే తడి ఆవిరై బిరుసు నరాలను కరిగిస్తుంది, పక్షికి లేని కొవ్వు లోటును నెయ్యి తీరుస్తుంది, మజ్జిగ పులుపు పైకండను సడలిస్తుంది. త్రిజాతకం, అంటే దాల్చినచెక్క, ఏలకులు, ఆకుపత్రి, ఈ పనంతా ముగిశాక వచ్చే సువాసన మాత్రమే. వాసనను కప్పిపుచ్చవలసిన అవసరం సద్యోహత మాంసానికి లేదు.

అయితే ఇవి వంటపుస్తకాలు కావు. వైద్యుని చూపు రోగి జీర్ణశక్తి మీదే ఉంటుంది. కొరికి నమలలేని క్షీణరోగికి పక్షిమాంసాన్ని ఉడికించి తీసిన రసాన్నే ఇమ్మన్నారు. ముక్క మెత్తబడకపోయినా సారం నీటిలోకి దిగితే చాలునన్నమాట. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తరువాత ఈ పక్షుల వేట నేరం కాబట్టి, ఈ పాకాలను అసలు మాంసంతో పరీక్షించే అవకాశం పరిశోధకులకు లేదు. నేడు బజారులో కౌజు పేరిట అమ్మేది ఫారాలలో ఐదారు వారాలు పెంచిన జపాన్ జాతి పిట్ట. నేలను గీరి తిండి వెదికే శ్రమ ఎరుగని ఆ పిట్టకు పరిశుష్క పాకంతో పనిలేదు.