లిటిట్జ్ ఆర్గన్ మేస్త్రి

పెన్సిల్వేనియా రాష్ట్రంలోని మా లిటిట్జ్, మొరావియన్ క్రైస్తవులు 1756లో ఏర్పరచుకున్న ఊరు. 1855 దాకా ఇతర శాఖల వాళ్లు ఇక్కడ స్థిరపడే వీలు లేదు. అంత కట్టుబాటున్న ఈ ఊళ్లోనే లూథరన్, రిఫార్మ్‌డ్, క్యాథలిక్ చర్చిలకు సైతం పైప్ ఆర్గన్లు తయారయ్యాయి. చేసిన మేస్త్రి డేవిడ్ టానెన్‌బెర్గ్.

ఆయన 1728లో జర్మనీలోని బెర్తెల్స్‌డోర్ఫ్‌లో పుట్టాడు. 1749లో ఓడెక్కి అమెరికా వచ్చి బెత్లెహేమ్ చేరాడు. తెలిసిన పని వడ్రంగం. అంతకు ముందే జర్మనీ నుంచి వచ్చిన వృద్ధ మేస్త్రి యోహాన్ గాట్లాబ్ క్లెమ్ దగ్గర ఆర్గన్ పని నేర్చుకున్నాడు. 1762లో గురువు పోయాడు. 1765లో శిష్యుడు లిటిట్జ్ వచ్చి స్థిరపడ్డాడు.

ఆర్గన్‌లో తిత్తులు ఊదిన గాలి ఒక పెట్టెలో నిండుతుంది. మీట నొక్కితే ఆ గాలి గొట్టంలోకి పోయి స్వరం పలుకుతుంది. గొట్టం పొడవును బట్టి స్థాయి, లావును బట్టి నాదం. ఏ పొడవుకు ఎంత లావు ఉండాలన్నదే ఈ పనిలో అసలు లెక్క. జర్మనీలో గేయోర్గ్ ఆండ్రియాస్ జోర్గే ఆ లెక్కలన్నీ వివరిస్తూ రాసిన గ్రంథం టానెన్‌బెర్గ్ చేతికి అందింది. సముద్రానికి ఇవతల కూర్చుని దాన్ని ఆచరణలో పెట్టాడు.

జీవితకాలంలో దాదాపు 50 ఆర్గన్లు చేశాడు. ఫిలడెల్ఫియా జయాన్ లూథరన్ చర్చికి 1790లో చేసినది అప్పటికి దేశంలోనే పెద్దది; నాలుగేళ్లకే అగ్నికి ఆహుతైంది. 1800లో నార్త్ కరోలినాలోని సేలంకు చేసినదాన్ని అల్లుడు ఫిలిప్ బాక్‌మన్ వెళ్లి నిలబెట్టాడు. 1910లో విప్పి అటక మీద పెట్టిన ఆ ఆర్గన్ బాగుచేశాక 2004లో మళ్లీ పలికింది. టానెన్‌బెర్గ్ మాత్రం 76 ఏళ్ల వయసులోనూ పని మానలేదు. 1804 మేలో యార్క్ పట్టణంలో, క్రైస్ట్ లూథరన్ చర్చి ఆర్గన్ శ్రుతి చేస్తూ పక్షవాతం వచ్చి పడిపోయి, అక్కడే కన్నుమూశాడు.

ఆయన చేతి ఆర్గన్లు రెండు ఇప్పుడు లిటిట్జ్‌లో ఉన్నాయి: ఒకటి 1787లో మా మొరావియన్ చర్చికి చేసినది, రెండోది 1793లో మేరీలాండ్‌లోని గ్రేస్‌హామ్‌కు చేసినది. మా ఊరికి వచ్చేవాళ్లు ప్రెట్జెల్స్ కోసం, చాక్లెట్ కోసం వస్తారు. వాళ్లకు ముందుగా చూపవలసినవి ఈ రెండూ. ఇతరులకు తావివ్వని రోజుల్లో కూడా ఈ ఊరు తన మేస్త్రి పనితనాన్ని పొరుగు శాఖలకు పంచింది. మా ఊరి చరిత్రలో నేను గర్వంగా చెప్పుకునే మాట అది.