పొయ్యిలోని పిల్లి, దొడ్డిలోని పశువు

“వారి యింట పొయ్యిలో పిల్లి లేవలేదు” అను మాట మన పెద్దల నోట తరచుగా వినబడుచుండెడిది. ఆ పూట ఆ యింట పొయ్యి రాజలేదని, తిండికి గడవలేదని దాని భావము. తమిళనాట స్థిరపడిన మనవారు ఇరుగుపొరుగుల నోటను దీనిని బోలిన పలుకును వినియేయుందురు. ఇది లేమిని గూర్చిన మాటయే గాని, ఇందు పాతకాలపు ఇంటి ఏర్పాటొకటి దాగియున్నది. రాత్రి వంట ముగిసిన పిదప నిప్పు ఆరినను బూడిదలోని వెచ్చదనము చాలసేపు నిలిచియుండును. చలికాలమున పిల్లికి అదియే పాన్పు. ఉదయమున ఇల్లాలు పొయ్యి అలుకుటకు వచ్చినగాని అది లేచెడిది కాదు. పిల్లికై యెవరును ప్రత్యేకముగా నిప్పు చేయలేదు. మన వంటలో మిగిలిన వేడి దానికి దక్కినది.

బూడిదకును పెంపుడు జంతువునకును గల యీ సంబంధము మిక్కిలి ప్రాచీనము. బళ్లారి, రాయచూరు ప్రాంతములందును, కృష్ణకు చేరువనున్న పాలమూరు సీమయందును పెద్ద బూడిదగుట్టలు కలవు. బళ్లారి చెంతనున్న కుడితిని గుట్టను రాక్షసుని కాల్చిన బూడిదయని జనులు చెప్పుకొనుచుండిరి. 1957లో ఆల్చిన్ అను ఆంగ్ల పురాతత్త్వవేత్త పాలమూరు సీమలోని ఉట్నూరు గుట్టను త్రవ్వించెను. (ఆదిలాబాదు ఉట్నూరు వేరు.) అది పశువుల పేడ కాలగా నేర్పడిన గుట్టయని తేలినది. మానులు పాతి కట్టిన కంచె జాడలును, మెత్తని నేలపై పడిన పశువుల గిట్టల గుర్తులును అందు బయల్పడెను. నాలుగు వేల యేండ్లకు పూర్వపు గిట్టల గుర్తులు! ఆ దొడ్డి పలుమారులు కాలినది, పలుమారులు మరల కట్టబడినది. ఇవి ఋతువు మారు వేళ పూనికతో వేసిన మంటలై యుండవచ్చునని, మన సంక్రాంతి, హోలీ మంటలతో వీనికి పోలిక కలదని ఆల్చిన్ తలంచెను. భోగిమంటకు ఇదియే మూలమని గట్టిగా పలుకుటకు నాకు ధైర్యము చాలదు. 1990 తరువాతి యేండ్లలో కె. పద్దయ్యగారు షోరాపురము సీమలోని బూదిహాళులో జరిపిన త్రవ్వకములలో మాత్రము పశువులదొడ్డియు, దాని ప్రక్కనే మనుష్యుల నివాసమును కనబడినవి. మంద యెక్కడనో మనిషి యక్కడనే.

మంట చాలనిచోట తావు మార్చుట పశుపాలకులెరిగిన మరియొక ఉపాయము. మైసూరు ప్రభువులు బెణ్ణెచావడి యను పేర నెలకొల్పిన పశుశాఖకు టిప్పు సుల్తాను అమృతమహల్ అని పేరిడెను. యుద్ధసామగ్రిని లాగు ఎద్దులకు ఆ మంద పుట్టినిల్లు. దాని మేతబీళ్లకు కావళ్లని పేరు. వానిలో ఎండకాలపువి, వానకాలపువి, చలికాలపువి యని మూడు తెగలుండెను. ఋతువుననుసరించి మందలను ఒకచోటినుండి మరియొకచోటికి తోలుచుండిరి. నీడ, నీరు, మేత చూచి బీడును విభజించిన యీ నేర్పు ఆంగ్లేయులకు పూర్వమునుండి వచ్చినదే. వారు 1860లో పొదుపు పేర ఆ మందను అమ్మివేసి, నష్టమెరిగి 1866లో మరల నెలకొల్పవలసివచ్చెను. బెంగళూరు పరిసరములలో ‘కావల్’ అను మాట నేటికిని కొన్ని తావుల పేర్లలో నిలిచియున్నది. అచ్చట నివసించు మనవారిలో ఎందరికి దాని యర్థము తెలియునో!

ప్రభువులకు బీళ్లు కలవు. రెండు ఆవులు గల గృహస్థుడు ఎక్కడికి పోవును? బెంగళూరు సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున నున్నది. 1884 జనవరి 13న, సంక్రాంతి వేళ, అచ్చట వేడిమి 7.8 డిగ్రీలకు దిగినది. అట్టి రాత్రులలో ఆవుపై గోనెపట్టయో, పాత గొంగళియో కప్పుట, కొట్టము నేలపై ఎండుగడ్డి పరచుట, గాలి వచ్చు వైపున తడిక కట్టుట మన యిండ్ల వాడుక. దక్కను గొర్రెల నల్లని ముతక ఉన్నితో కురుమలు, కురుబలు నేసిన గొంగళి తడిని చప్పున లోనికి రానీయదు. మనిషి వాడి విడిచినదే పశువునకు దక్కెడిది. ఇదియు మిగులే.

అన్నిటికంటె చలి సోకునది తడితో పుట్టిన దూడకు. తల్లి నాకుటయు, మనము ఎండుగడ్డితో తుడుచుటయు దానికి మొదటి రక్ష, జున్నుపాలు రెండవది. ఇచ్చట మన యాచారమును గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. ఆవు ఈనినదన్న వార్త వినగానే ఇరుగుపొరుగులు గిన్నెలు పట్టుకొని వత్తురు; జున్ను తియ్యగా నుండును. కాని రోగమును తట్టుకొను శక్తి దూడకు తల్లి గర్భమునుండి రాదు, ఆ మొదటి పాలనుండియే రావలెను. ఆ పాలలోని రక్షకద్రవ్యములను దూడ ప్రేగులు గ్రహింపగలుగునది ఇంచుమించు తొలి 24 గంటలు మాత్రమే. గడియ గడచిన కొలది ఆ శక్తి తరుగును. దూడ బరువులో పదియవ వంతు జున్నుపాలు తొలినాడే దాని కడుపున పడవలెనని పశువైద్యులందురు. పిదప మిగిలినదే జున్ను.

మూసిన కొట్టములో కుంపటి నుంచుట మాత్రము ఎన్నడును తగదు. బొగ్గు కాలునప్పుడు వచ్చు విషవాయువునకు రంగు లేదు, వాసన లేదు. పశువుతో పాటు కాపరియు నిదురలోనే ప్రాణము కోల్పోవును. పూర్వపు కొట్టములకు చూరు క్రింద సందులుండెడివి గనుక పొగ వెడలిపోయెడిది. నేటి సిమెంటు గదికి అవి లేవు.

ఇప్పుడు మన పట్టణపు ఇండ్లలో ఆవు లేదు, బూడిద లేదు. కుక్కయు పిల్లియు ఉన్నవి. బండనేల చలిని లాగుకొనును గనుక కుక్కకు పలకపై మడిచిన గోనెసంచి వేయవలెను. తడిసి వచ్చినచో ఒడలు పొడిగా తుడువవలెను. ముసలి కుక్కకును, పొట్టి రోమములు గలదానికిని ఇది మరింత యవసరము. గ్యాసు పొయ్యిలో పిల్లికి చోటు లేకపోగా అది వీధిలో వేడి యెచ్చటనున్నదో వెదకికొన్నది: రాత్రి నిలిపిన కారు యంత్రముపై మూత క్రింద పరుండుచున్నది. చలికాలపు ఉదయమున బండిని నడుపుటకు ముందు ఆ మూతపై రెండు మారులు గట్టిగా తట్టి, క్షణకాలము ఆగవలెను. పిల్లి లేచి పోవును.