ఇరవై లెక్క: ‘కుడి’ అనే మాట చెప్పే చరిత్ర

విద్యార్థులారా! మన ‘ఇరవై’ అనే మాటను విడదీసి చూడండి. పాత రూపం ‘ఇరువది’. ఇరు అంటే రెండు, దానికి పది చేరింది. అంటే రెండు పదులు. ముప్పది, నలువది కూడా ఇలాగే ఏర్పడ్డాయి. తెలుగువారు పదుల్లో లెక్కించేవారని చెప్పడానికి వేరే శాసనం అక్కరలేదు, మాటే సాక్ష్యం. సంఖ్యల పేర్లు ఇలా చరిత్రకు ఆధారాలవుతాయి. ఈ పాఠంలో ఇరవైకి ఉన్న మరో పేరును, దాని అర్థాలను, ఉపయోగాలను పరిశీలిద్దాం.

టికియాపారా నుంచి మొదలుపెడదాం

విశాఖపట్నం నుంచి రైల్లో హౌరా వెళ్ళేవారికి గమ్యానికి ముందు వచ్చే చివరి స్టేషను టికియాపారా. పెద్ద రైళ్ళు అక్కడ ఆగవు. హౌరా నుంచి ఖరగ్‌పూర్ వైపు బయలుదేరితే మాత్రం అదే మొదటి స్టేషను. అక్కడ లోకల్ రైలు దిగి, బెంగాలీ మాట్లాడే దుకాణదారు సరుకు లెక్కపెడుతుంటే వినండి. పందొమ్మిదిని ‘ఉనిశ్’ అంటాడు. ఇరవై ఒకటిని ‘ఏకుశ్’ అంటాడు. ఇవి సంస్కృతం నుంచి వచ్చిన మాటలు. మధ్యలో ఇరవైని మాత్రం చాలాసార్లు ‘కుడి’ అంటాడు. ఇది మన కుడిచేయి కాదు. ఇందులోని ‘డ’ను నాలుక మడిచి, ‘ర’కు దగ్గరగా పలుకుతారు.

సంస్కృత ‘వింశతి’ నుంచి వచ్చిన ‘బిశ్’ అనే మాట కూడా బెంగాలీలో ఉంది. అయినా ‘కుడి’ పోలేదు. వరుసలో దీని పోలిక వేరుగా ఉండడానికి కారణం ఏమిటి? ఒకప్పుడు ఇరవై అంటే కేవలం ఒక సంఖ్య కాదు, ఒక కట్ట. వస్తువులను ఇరవైల కట్టలుగా లెక్కపెట్టే పద్ధతికి ఇది గుర్తు. చేతివేళ్ళు పది, కాలివేళ్ళు పది కలిపితే ఒక మనిషి లెక్క పూర్తవుతుంది.

గవ్వల లెక్క

బెంగాల్‌లో చాలాకాలం గవ్వలే చిల్లర డబ్బు. అవి మాల్దీవుల నుంచి ఓడల్లో వచ్చేవి. వాటిని ఒక్కొక్కటిగా లెక్కపెట్టడం అయ్యే పని కాదు. అందుకే నాలుగు గవ్వలను ‘గండా’ అన్నారు. ఐదు గండాలు ఇరవై. ఇరవై గండాలు ఒక ‘పణ్’, అంటే 80 గవ్వలు. పదహారు పణ్‌లు ఒక ‘కాహన్’, అంటే 1,280 గవ్వలు. చదువురాని కూలివాడు కూడా చేతిలో నాలుగేసి గవ్వలు తీస్తూ తన కూలిని సరిచూసుకోగలిగేవాడు. తెలుగులో నాలుగింటి జట్టును ‘పుంజీ’ అనడం, అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలు వేయడం మీకు గుర్తుకు రావచ్చు.

ఇరవై లెక్క వర్తకంలోకి కూడా వచ్చింది. హిందీలో ‘కోడీ’ అన్నా ఇరవై వస్తువులే. ఈస్టిండియా కంపెనీ వర్తకులు భారతీయ వస్త్రాలను ‘కోర్జ్’ల లెక్కన రాసుకునేవారు. ఒక కోర్జ్ అంటే ఇరవై తానులు. 1886లో యూల్, బర్నెల్ ప్రచురించిన ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువులో ఈ మాట చోటు చేసుకుంది.

సవర కొండల్లో అదే మాట

ఇప్పుడు టికియాపారా నుంచి అదే రైలు మార్గంలో దక్షిణానికి రండి. ఖరగ్‌పూర్, భువనేశ్వర్, బ్రహ్మపుర, పలాస దాటితే నౌపడా జంక్షన్ వస్తుంది. అక్కడి నుంచి ఒక శాఖామార్గం పర్లాకిమిడి వెళుతుంది. ఇది శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాలలోనూ, ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాలలోనూ నివసించే సవరల ప్రాంతం. వారి భాష తెలుగులా ద్రావిడ భాష కాదు, బెంగాలీలా ఆర్యభాష కాదు. అది ముండా కుటుంబానికి చెందినది.

సవర భాషలో ఒకటి నుంచి పన్నెండు వరకు విడివిడి పేర్లున్నాయి. నాలుగు ‘ఉంజి’, ఏడు ‘గుల్జి’, పన్నెండు ‘మిగ్గెల్’. పదమూడును పన్నెండు-ఒకటి అంటారు. ఇలా పన్నెండు-ఏడు వరకు వెళతారు, అదే పందొమ్మిది. తరువాత ‘బొకుడి’, అంటే ఒక ఇరవై. హౌరా బజారులో విన్న ‘కుడి’ ఇక్కడ కొండల్లో మళ్ళీ వినిపించింది!

ఇక ముప్పై తొమ్మిదిని చూడండి. ‘బొకుడి-మిగ్గెల్-గుల్జి’. అంటే 20 + 12 + 7. తొంభై రెండు ‘ఉంజికుడి-మిగ్గెల్’. అంటే 4 × 20 + 12. ఫ్రెంచివారు కూడా తొంభై రెండును సరిగ్గా ఇలాగే, నాలుగు ఇరవైలు-పన్నెండు అంటారు. పారిస్‌లో ఇలా లెక్కపెడితే నాగరికత, సీతంపేట కొండల్లో లెక్కపెడితే వెనుకబాటు అనడం న్యాయమా? ఆలోచించండి.

పన్నెండు ఎక్కడిది? ఒక వివరణ మీ చేతిలోనే ఉంది. బొటనవేలితో మిగిలిన నాలుగు వేళ్ళ కణుపులను తాకుతూ లెక్కించండి. వేలికి మూడు చొప్పున పన్నెండు వస్తాయి.

‘కుడి’ ముండా భాషల నుంచి బెంగాలీలోకి వచ్చిందా, లేక సవరలే పొరుగువారి నుంచి తీసుకున్నారా? 1929లో కలకత్తా విశ్వవిద్యాలయం ప్రచురించిన ‘ప్రీ-ఆర్యన్ అండ్ ప్రీ-ద్రవిడియన్ ఇన్ ఇండియా’ అనే గ్రంథం ఇరవైల లెక్కను ఆర్యపూర్వ జనుల వారసత్వంగా చూసింది. పండితులందరూ ఏకీభవించలేదు. ఏది నిజమైనా, ఈ జనులు ఇచ్చిపుచ్చుకున్నారన్నది మాత్రం స్పష్టం.

సవర భాషను శ్రద్ధగా నమోదు చేసినవారు మన గిడుగు వెంకట రామమూర్తి పంతులు (1863–1940). పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవరల వద్దే ఆ భాష నేర్చుకున్నారు, వారి పిల్లల చదువు కోసం పాటుపడ్డారు. 1931లో ఆయన సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వెలువడ్డాయి. వ్యావహారిక భాష కోసం పోరాడిన చేయే కొండభాషకూ గౌరవం తెచ్చింది.

స్కోరు ఎంత?

క్రికెట్ చూస్తూ మీరు రోజూ అనే ‘స్కోరు’ కూడా ఇలాంటి మాటే. దాని మూలార్థం కర్రపై పెట్టిన గాటు. గొర్రెలను లెక్కపెట్టేటప్పుడు ఇరవైకి ఒక గాటు పెట్టేవారని చెబుతారు. అలా స్కోరు అంటే ఇరవై అయింది, బాకీ లెక్క అయింది, తరువాత ఆటలో పరుగుల లెక్క అయింది. తొలిరోజుల్లో క్రికెట్ పరుగులను కూడా కర్రపై గాట్లు పెట్టి లెక్కించేవారు. బ్రిటిష్ ఖజానాలో పేరుకుపోయిన పాత గాట్ల కర్రలను 1834 అక్టోబరు 16న తగలబెడుతుండగా మంటలు వ్యాపించి పార్లమెంటు భవనమే కాలిపోయింది!

మనం నేర్చుకోవలసింది

కాగితంపై గుణించడానికి, భాగించడానికి సున్నాతో కూడిన దశాంశ పద్ధతి ఎంతో అనువైనది. అందుకే అది ప్రపంచమంతటా నిలిచింది. కాని గంటకు అరవై నిమిషాలు, కంప్యూటరుకు రెండు అంకెలు ఇప్పటికీ ఉన్నాయి. ఆధారం ఏదైనా గణితం గణితమే. ఇరవై, పన్నెండు, ఏడు కలిపి ముప్పై తొమ్మిది చెప్పే సవర పిల్లవాడు మాట్లాడుతూనే కూడిక చేస్తున్నాడు. అతడికి లెక్కలు రావని బడి అనుకుంటే నష్టం అతడికే కాదు, మనకు కూడా. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సవరతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక బోధన ప్రారంభించడం ఈ దిశలో మంచి అడుగు. ఒక సంఖ్య పేరు మరచిపోతే, దానిని లెక్కపెట్టిన మనుషుల ఆలోచన కూడా మరుగున పడుతుంది.

మీరే చేయండి

1. సవర పద్ధతిలో 57ను, 99ని విడదీయండి. (జవాబులు: 2 × 20 + 12 + 5, 4 × 20 + 12 + 7.)

2. మీ ఇంట్లో పెద్దలను అడిగి పుంజీ, పరక, వీసం, కాణి వంటి లెక్కల మాటలు సేకరించండి. ఏ వస్తువుకు ఏ మాట వాడేవారో రాసుకోండి. అది మీ ఊరి గణిత చరిత్రలో మొదటి పుట అవుతుంది.