అజోయ్ కుమార్ (జంషెడ్‌పూర్ మాజీ ఎస్పీ)

అజోయ్ కుమార్ మాజీ ఐపీఎస్ అధికారి, మాజీ లోక్‌సభ సభ్యుడు. 1990ల నడుమ జంషెడ్‌పూర్‌లో జిల్లా పోలీసు సూపరింటెండెంట్‌గా పనిచేశారు. పదిహేనేళ్ల తర్వాత అదే ఊరి నుంచి ఎంపీగా గెలిచారు. అమెరికాలో చాలాచోట్ల కౌంటీ షెరీఫ్ ముందు ఓట్లడిగి, తర్వాత లాఠీ పడతాడు. ఇక్కడ ఆ వరస తిరగబడింది.

అజోయ్ మంగళూరులో పుట్టారు. బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదువుకున్నారు. పుదుచ్చేరి జిప్‌మర్‌లో 1985లో ఎంబీబీఎస్ పూర్తిచేసి, మరుసటి ఏడాదే ఐపీఎస్‌కు ఎంపికై బిహార్ క్యాడర్‌లో చేరారు. డాక్టరు చదువు చదివి స్టెతస్కోపు పక్కన పెట్టి సివిల్ సర్వీసులకు వెళ్లేవాళ్లు మనకు కొత్త కాదు. పోలీసు శాఖను ఎంచుకునేవాళ్లు మాత్రం తక్కువే. పట్నా సిటీ ఎస్పీగానూ ఆయన పనిచేశారు.

ఇప్పుడు జార్ఖండ్‌లో ఉన్న జంషెడ్‌పూర్ అప్పటికి బిహార్‌లోనే ఉంది. 1907లో నెలకొన్న టాటా ఉక్కు కంపెనీ చుట్టూ పెరిగిన ఈ పట్టణానికి 1919లో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ జంషెడ్‌జీ టాటా పేరు పెట్టారు. 1990లో సింగ్‌భూమ్ జిల్లాను రెండుగా విడదీసినప్పుడు ఇది తూర్పు సింగ్‌భూమ్‌కు కేంద్రమైంది. అంతకుముందు జిల్లా కేంద్రం చాయిబాసాలో ఉండేది. ఉక్కు కర్మాగారం, లారీల కాంట్రాక్టులు, తుక్కు వేలాలు ఉన్నచోటికి డబ్బు వస్తుంది. దాని వెంట రంగ్‌దారీ, అంటే బెదిరించి వసూలు చేసే మామూలు, వస్తుంది. 1993 అక్టోబరులో టాటా వర్కర్స్ యూనియన్ అధ్యక్షుడు వి.జి.గోపాల్‌ను కాల్చి చంపడంతో ఊరు హడలిపోయింది.

1994లో అజోయ్ ఎస్పీగా వచ్చారు. గట్టి అధికారి కావాలని టాటా స్టీల్ అధిపతి జె.జె.ఇరానీ కోరారని, ముఖ్యమంత్రి లాలూ ప్రసాద్ అందుకు ఒప్పుకున్నారని చెబుతారు. బిహార్‌లో జనం ఎస్పీని ‘కప్తాన్ సాబ్’ అంటారు. 1861 నాటి పోలీసు చట్టం ఆ కుర్చీకి కట్టబెట్టిన అధికారం చిన్నదేమీ కాదు. అయితే బదిలీ కాగితం వచ్చిందంటే మరునాడే సామాను సర్దుకోవాలి. అజోయ్ అక్కడ ఉన్నది 1996 వరకే. ఆ రెండేళ్లలో రౌడీ ముఠాలను అణచిన అధికారిగా పేరొచ్చింది. ఆ పేరు పాతికేళ్లపాటు ఆయనకు పెట్టుబడిగా పనికొచ్చింది. 1996లో సర్వీసుకు రాజీనామా చేసి టాటా మోటార్స్‌లో ఉద్యోగంలో చేరారు. దాన్ని అప్పట్లో టెల్కో అనేవారు.

అర్జున్ ముండా జార్ఖండ్ ముఖ్యమంత్రి అయి జంషెడ్‌పూర్ లోక్‌సభ స్థానాన్ని వదులుకోవడంతో 2011 జులైలో ఉప ఎన్నిక జరిగింది. బాబులాల్ మరాండీ స్థాపించిన జార్ఖండ్ వికాస్ మోర్చా టికెట్‌పై అజోయ్ నిలబడి, లక్షన్నరకు పైగా ఆధిక్యంతో గెలిచారు. ఒడియా, బెంగాలీ, బిహారీ, ఆదివాసీ కుటుంబాలతోపాటు తెలుగువాళ్లూ ఎన్నో దశాబ్దాలుగా కాపురముంటున్న ఊరు ఇది. బిష్టుపూర్‌లో తెలుగువారి రామమందిరం ఉంది. ఇన్ని భాషల ఊళ్లో బయటివాడన్న మాట ఒక అభ్యర్థికి పెద్దగా అడ్డు కాకపోవడం సహజమే.

2014లో బీజేపీ అభ్యర్థి విద్యుత్ బరన్ మహతో చేతిలో ఓడిపోయి, ఆ ఏడాదే కాంగ్రెస్‌లో చేరారు. 2017 నవంబరులో జార్ఖండ్ ప్రదేశ్ కాంగ్రెస్ అధ్యక్షులయ్యారు. 2019 ఆగస్టులో ఆ పదవి వదిలేస్తూ రాసిన లేఖలో పాత పోలీసు మళ్లీ బయటపడ్డాడు. జంషెడ్‌పూర్ మాఫియాను తుడిచిపెట్టింది తానేనని గుర్తుచేస్తూ, పార్టీలోని కొందరు సహచరులకన్నా కరడుగట్టిన నేరస్థులే నయమని రాశారు. ఆ తర్వాత ఆమ్ ఆద్మీ పార్టీకి వెళ్లి, 2020లో తిరిగి కాంగ్రెస్‌లోకి వచ్చారు. 2024 శాసనసభ ఎన్నికల్లో జంషెడ్‌పూర్ తూర్పు నుంచి పోటీచేసి బీజేపీ అభ్యర్థి పూర్ణిమా సాహు చేతిలో ఓడిపోయారు. ఆమె మామ, మాజీ ముఖ్యమంత్రి రఘుబర్ దాస్ ఆ నియోజకవర్గంలో మొదటిసారి గెలిచింది 1995లో, అజోయ్ ఎస్పీగా ఉన్న కాలంలోనే.